అమ్మమ్మ ఐసీయూలో, మావయ్య చెన్నై పుళల్ జైల్లో. ఎమర్జెన్సీ లీవ్ ఎంత తొందరగా వస్తుంది?

రెడ్‌హిల్స్_రాధ
మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పుళల్‌లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. కేసు తప్పా ఒప్పా అని వాదించడానికి రాలేదు. కోర్టు శిక్ష వేసింది, అనుభవిస్తున్నాడు. అమ్మమ్మకి కిడ్నీలు రెండూ పోయాయి, ఇప్పుడు ఐసీయూలో ఉంది. డాక్టరు "చూడాల్సిన వాళ్ళుంటే పిలిపించుకోండి" అనేశాడు. ఆసుపత్రి సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పెట్టి అమ్మ జైల్లో పెరోల్ కోసం అర్జీ ఇచ్చింది. అక్కడ మర్యాదగానే తీసుకున్నారు. పోలీసు రిపోర్టు రావాలట. స్టేషన్‌కి వెళ్తే ఇన్‌స్పెక్టర్ గారు బందోబస్తులో ఉన్నారంటారు, మళ్ళీ వెళ్తే కాయితం పైకి పంపామంటారు, జైల్లో అడిగితే ఇంకా రాలేదంటారు. అమ్మమ్మ స్పృహలో ఉన్న కాస్సేపూ "చిన్నోడు వచ్చాడా" అనే అడుగుతోంది. అమ్మకి తమిళం అంతంతమాత్రం, నాకు ఆఫీసులో సెలవు అయిపోయింది. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టీవీలో చూసే పెద్దవాళ్ళకి వారాలకి వారాలు వస్తుంటే మాకు ఒక్క పూట ఎందుకింత కష్టం?

మాధవరం_మురళి
ఇన్‌స్పెక్టర్ కోసం చూడకండి. స్టేషన్ రైటర్‌ని పట్టుకోండి, ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంటుంది. తమిళం సమస్యైతే మా మేనత్తని తోడు పంపుతా. ఆవిడ తమిళం వినలేక సంతకం పెట్టి పంపేస్తారు.

వడపళని_పద్మ
మురళీ, ఆ పిల్ల టెన్షన్‌లో ఉంటే నీ జోకులేంటి. రాధా, మీ అమ్మగారు ఏమైనా తిన్నారా? ఐసీయూ బయట కూర్చునే వాళ్ళు తినడం మర్చిపోతారు.

రెడ్‌హిల్స్_రాధ
పర్లేదు పద్మక్కా, ఇవాళ మొదటిసారి నవ్వాను. మేనత్తగారిని నిజంగానే పంపండి మురళి గారూ.

హైకోర్టు_ఎదురుసందు
లాయర్‌ని, ఇలాంటి పిటిషన్లు వేస్తుంటాను. తమిళనాడులో దీనికి 1982 నాటి సస్పెన్షన్ ఆఫ్ సెంటెన్స్ రూల్స్ ఉన్నాయి. మనం పెరోల్ అంటాం గానీ అర్జీలో మాత్రం ఎమర్జెన్సీ లీవ్ అనే రాయండి. అమ్మ, నాన్న, భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, తోడబుట్టినవాళ్ళు, వీళ్ళలో ఎవరైనా చనిపోయినా, ప్రాణం మీదికొచ్చినా ఇవ్వొచ్చు. పెళ్ళిళ్ళకీ ఉంది, తనదైనా పిల్లలదైనా తోడబుట్టినవాళ్ళదైనా. ఏడాదికి గరిష్ఠంగా 15 రోజులు. దీనికి సెక్రటేరియట్ దాకా పోనక్కర్లేదు, జైళ్ళ శాఖలోనే తేలిపోతుంది. ఆర్డినరీ లీవ్ వేరు, దానికి కనీసం మూడేళ్ళ శిక్ష పూర్తవ్వాలి. ఇల్లు రిపేరు, పిల్లల చదువు, పొలం పనులు, ఆస్తి పంపకం అలాంటివి అందులోకి వస్తాయి.

రాధ గారూ, మీ అమ్మమ్మ ఆయనకి కన్నతల్లి కాబట్టి అర్హత గురించి పేచీ లేదు. పేచీ అంతా వేగం గురించే. మూడు పనులు చెప్తా, ఈరోజే చేయండి. అర్జీ కాపీ మీద జైలు వాళ్ళ అక్నాలెడ్జ్‌మెంట్ ముద్ర ఉందో లేదో చూడండి. ఐసీయూ డాక్టర్ చేత ఈరోజు తేదీతో కొత్త సర్టిఫికెట్ రాయించుకోండి, అందులో "పరిస్థితి విషమం" అన్న మాట ఉండాలి. "చికిత్స పొందుతున్నారు" అని ఉంటే చదివినవాడికి జలుబు చేసినట్టే కనిపిస్తుంది. రెండూ కలిపి సూపరింటెండెంట్‌కి, కాపీ డీఐజీకి మెయిల్ చేయండి. రేపు సాయంత్రానికి కదలిక లేకపోతే హైకోర్టుకే వెళ్దాం. ఫీజు సంగతి తర్వాత.

నిజమే_నిష్ఠూరం
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. మా పెద్దన్నయ్యని చంపినవాడు మా వీధివాడే. శిక్ష పడిన కొన్నేళ్ళకి కూతురి పెళ్ళికని లీవ్ మీద వచ్చాడు. మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిన మా అమ్మకి వాడు ఎదురుగా కనిపించాడు, పందిరి గుంజ పాతిస్తూ. పెళ్ళి అయ్యేవరకూ అమ్మ మళ్ళీ గడప దాటలేదు. మీ మావయ్య చేతిలో పోయినవాళ్ళకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది కదా. ఆవిడకి ఆఖరి చూపు దక్కిందా? కోపంతో కాదు, అడుగుతున్నా.

రెడ్‌హిల్స్_రాధ
దక్కలేదండి. నా దగ్గర సమాధానం లేదు. అమ్మమ్మ కూడా ఆ మాట అంటుండేది, ఆ ఇంట్లో పండగ లేకుండా చేసి మన ఇంట్లో దీపం ఎలా పెడతాం అని చాలా ఏళ్ళు దీపావళి చేసుకోలేదు. కానీ తప్పు చేసింది మావయ్య, అమ్మమ్మ కాదు కదా.

తిరువొత్తియూర్_తిలక్
అసలు పెరోలే దండగ. జెస్సికా లాల్ హత్య కేసులో శిక్ష పడిన మను శర్మ ఏం చేశాడు? 2009లో అమ్మకి ఒంట్లో బాగోలేదని బయటికొచ్చి ఢిల్లీలో నైట్‌క్లబ్‌లో కనిపించాడు. డేరా బాబా సంగతి చెప్పక్కర్లేదు. 2022లో పంజాబ్ ఎన్నికల ముందు, 2024లో హర్యానా ఎన్నికల ముందు బయటే. 2024 జనవరిలో ఏకంగా 50 రోజులు. బిల్కిస్ బానో కేసులో దోషులు చాలామంది వెయ్యి రోజులకి పైగా పెరోల్ మీదే గడిపారని గుజరాత్ ప్రభుత్వమే సుప్రీంకోర్టుకి చెప్పింది. ఇది మానవత్వమా?

బెంగళూరు_బాబాయ్
తిలక్, నువ్వు చెప్పిన ప్రతి కేసూ పలుకుబడి కేసే. దానికి మందు పెరోల్ ఎత్తెయ్యడం కాదు. ఎత్తేస్తే ఆ పెద్దవాళ్ళు వేరే దారి చూసుకుంటారు, ఆగిపోయేది రాధ వాళ్ళ మావయ్యే.

మా పరప్పన అగ్రహారం జైలు సంగతి చెప్తా, శశికళ గారి కేసు మీకూ గుర్తుండే ఉంటుంది. 2017 అక్టోబర్‌లో భర్త నటరాజన్‌కి మీ చెన్నైలో లివర్ మార్పిడి జరిగింది. ఆవిడ 15 రోజులు అడిగారు. మొదటి అర్జీ కాయితాలు సరిగా లేవని తిప్పికొట్టారు, మళ్ళీ పెట్టుకుంటే ఐదు రోజులు ఇచ్చారు. బెంగళూరు జైలు, చెన్నై పోలీసులు, రెండు రాష్ట్రాలు. అయినా చెన్నై పోలీసుల దగ్గర్నుంచి అభ్యంతరం లేదని కాయితం రోజుల్లో వచ్చింది. 2018 మార్చిలో ఆయన పోయినప్పుడు 15 రోజులు ఇచ్చారు, ఆవిడ గడువు ఉండగానే తిరిగి వచ్చేశారు. ఆవిడకి ఇవ్వడం తప్పని నేననను. భర్త ప్రాణం మీదికొస్తే ఏ భార్యయినా వెళ్ళాలి. రెండు రాష్ట్రాల మధ్య కాయితం అంత చురుగ్గా నడవగలిగినప్పుడు రెడ్‌హిల్స్ స్టేషన్‌కీ పుళల్ జైలుకీ మధ్య ఎందుకు నడవదు అనేదే నా ప్రశ్న. రెంటికీ మధ్య ఎంత దూరమని!

మాధవరం_మురళి
షేర్ ఆటోలో పది నిమిషాలు బాబాయ్.

నెల్లూరు_పాత_వార్డర్
జైళ్ళ శాఖలో చేసి రిటైరయ్యాను, ఆంధ్రాలో. ఇప్పుడు మా అబ్బాయి దగ్గర అన్నానగర్‌లో ఉంటున్నా. బాబాయ్ అడిగినదానికి జవాబు నాకు తెలిసినంత చెప్తా.

ఆలస్యం దూరం వల్ల రాదు, భయం వల్ల వస్తుంది. పెరోల్ ఇచ్చి ఖైదీ పారిపోతే సంతకం పెట్టిన ఆఫీసరు ఏళ్ళ తరబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇవ్వకపోతే, ఖైదీ తల్లి కొడుకుని చూడకుండా పోతే, ఎవరూ ఏ ఆఫీసర్నీ అడగరు. అందుకని స్టేషన్ నుంచి వచ్చే రిపోర్టుల్లో ఒకే వాక్యం ఉంటుంది, "విడుదల చేస్తే శాంతిభద్రతల సమస్య తలెత్తే అవకాశం ఉంది" అని. ఎవరితో సమస్య, ఏ వీధిలో, ఎప్పుడు గొడవ జరిగింది, ఏమీ ఉండదు. ఊరికి వెళ్ళి విచారించకుండానే రాసేస్తారు. నేను చూసిన ఫైళ్ళలో కొన్నింటిలో పాత రిపోర్టుకి పేరు మార్చి పంపినవీ ఉన్నాయి, ఒకదాంట్లో పెళ్ళికాని కుర్రాడికి భార్య తరఫు వాళ్ళతో గొడవ అని రాశారు.

నా సర్వీసులో పెరోల్ మీద వెళ్ళినవాళ్ళు రాకుండా పోయిన సందర్భాలు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ ఎక్కువమంది చెప్పిన టైముకి ముందే గేటు దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళు. యావజ్జీవం పడినవాడికి మళ్ళీ లీవ్ రావాలన్నా, రేపు ముందస్తు విడుదలకి పేరు వెళ్ళాలన్నా ఈ రికార్డే ఆధారం. దాన్ని వాళ్ళు ప్రాణంలా చూసుకుంటారు.

తిరువొత్తియూర్_తిలక్
వార్డర్ గారు, ముందే గేటుకొచ్చేవాళ్ళ గురించి నాకు తెలీదు, ఒప్పుకుంటా. మరి నిష్ఠూరం గారి అమ్మగారి సంగతి?

నెల్లూరు_పాత_వార్డర్
ఆవిడకి ముందుగా చెప్పి ఉండాల్సింది. అందులో వాదనే లేదు.

హైకోర్టు_ఎదురుసందు
నిష్ఠూరం గారు చెప్పింది నేను ఎప్పుడూ జడ్జిల ముందు కూడా అంటుంటాను. బాధితుల ఇల్లు ఎక్కడుంది, ఖైదీ ఎక్కడ దిగుతాడు, ఈ రెండూ చూసి షరతులు పెట్టాలి. ఆ వీధిలోకి రాకూడదు, వేరే బంధువుల ఇంట్లో ఉండాలి, పొద్దునా సాయంత్రం స్టేషన్‌లో సంతకం పెట్టాలి, ఇవన్నీ పెట్టొచ్చు, పెడుతున్నారు కూడా. 2023లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన మోడల్ ప్రిజన్స్ యాక్ట్‌లో అయితే లీవ్ మీద వెళ్ళేవాళ్ళకి ఎలక్ట్రానిక్ ట్రాకర్ పెట్టే ఏర్పాటు కూడా ఉంది. నాకది పూర్తిగా నచ్చదు, కాలికి పట్టీ కట్టుకుని తల్లి పాడె మోయడం ఏంటి అనిపిస్తుంది. కానీ ట్రాకరా, అసలు వెళ్ళకపోవడమా అంటే ఏ ఖైదీ అయినా ట్రాకరే అంటాడు.

వడపళని_పద్మ
పేరరివాళన్ వాళ్ళ అమ్మ అర్పుతమ్మాళ్ గారు గుర్తొస్తున్నారు. 2017లో తండ్రి ఒంట్లో బాగోలేదని మొదటిసారి నెల రోజులు ఇచ్చారు. 26 ఏళ్ళ తర్వాత! నళిని కూడా 2019లో కూతురి పెళ్ళి ఏర్పాట్లకి ఆరు నెలలు కావాలని హైకోర్టులో తనే నిలబడి వాదించుకుంటే ఒక నెల ఇచ్చారు, తర్వాత ఇంకాస్త పొడిగించారు. రాజీవ్ గాంధీ హత్య కేసు, అంతకన్నా పెద్ద కేసు ఉండదు. వెళ్ళారు, తిరిగొచ్చారు, ఆకాశం ఊడిపడలేదు.

నిజమే_నిష్ఠూరం
ఆ పేలుడులో ఆయనతోపాటు చనిపోయిన మామూలు మనుషుల ఇళ్ళల్లో ఎలా ఉండిందో కూడా ఒక్కసారి అనుకోండి పద్మ గారూ. అంతకన్నా ఏం అనను.

రెడ్‌హిల్స్_రాధ
అమ్మమ్మ తెల్లవారుజామున పోయింది.

మాధవరం_మురళి
అయ్యో రాధా. ఎక్కడున్నారు? వస్తున్నా.

వడపళని_పద్మ
తల్లీ… అమ్మని ఒంటరిగా వదలకు. నేనూ బయల్దేరుతున్నా.

హైకోర్టు_ఎదురుసందు
రాధ గారూ, ఈ టైములో కాయితాల గురించి చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి, కానీ గంటలు ముఖ్యం. పాత అర్జీ జబ్బు మీద ఉంది. ఇప్పుడు మరణం మీద కొత్తది పెట్టాలి. ఆసుపత్రి ఇచ్చే డెత్ రిపోర్టు ఫోటో తీసి నాకు పంపండి. జైలుకి నేనే మెయిల్ పెడతా. ఎన్ని గంటలకి, ఏ శ్మశానం, తలకొరివి పెట్టేది ఇతనే అని స్పష్టంగా రాయండి. కోర్టు తెరిచేసరికి నేను లంచ్ మోషన్‌కి, అంటే అత్యవసరంగా ఆరోజే వినమని, మెన్షన్ చేస్తా. జైల్లోనే ఇచ్చేస్తే కోర్టు అవసరమే ఉండదు. శవాన్ని సాయంత్రం దాకా ఉంచే ఏర్పాటు చేయండి, ఫ్రీజర్ బాక్స్ కావాలంటే మురళి చూస్తాడు.

మాధవరం_మురళి
చెప్పేశాను. బాక్స్ వస్తోంది.

నిజమే_నిష్ఠూరం
రాధ గారూ, మీ అమ్మమ్మ ఆత్మకి శాంతి కలగాలి. ఆయన రావాలనే కోరుకుంటున్నా. ఇది మనస్ఫూర్తిగా అంటున్నా.

కోలార్_కుమారి
ఇదంతా చదువుతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడికి ఇంకా శిక్ష పడలేదు, విచారణ నడుస్తోంది. నాన్న పోయినప్పుడు పెరోల్ అడిగితే నీకు వర్తించదన్నారు. అలా ఎందుకు?

హైకోర్టు_ఎదురుసందు
కుమారి గారూ, పెరోల్ అంటే పడిన శిక్షని కొన్నాళ్ళు ఆపడం. శిక్షే పడనివాళ్ళకి ఆపడానికి ఏముంటుంది? విచారణ ఖైదీలు కేసు నడుస్తున్న కోర్టులోనే మధ్యంతర బెయిల్ అడగాలి, లేదా పోలీసు కాపలాతో తీసుకెళ్ళే అనుమతి అడగాలి. ఢిల్లీ అల్లర్ల కేసులో ఉన్న ఉమర్ ఖాలిద్‌కి 2022 డిసెంబర్‌లో సోదరి పెళ్ళికి అలాగే వారం రోజులు వచ్చింది. దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో 70 శాతానికి పైగా విచారణ ఖైదీలే, అయినా చాలామందికి ఈ సంగతి చెప్పేవాళ్ళుండరు. డబ్బులేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ వాళ్ళు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు.

బెంగళూరు_బాబాయ్
కాపలా అంటే గుర్తొచ్చింది, ఆ ఖర్చు కూడా చూడండి. కేరళ నాయకుడు మదనీ కేసు, బెంగళూరు పేలుళ్ళది, మా ఊరిదే. 2017లో కొడుకు పెళ్ళికి కేరళ వెళ్తానంటే కాపలా ఖర్చు 14.8 లక్షలు కట్టమన్నారు, సుప్రీంకోర్టు దాన్ని 1.18 లక్షలకి దించింది. 2023లో తండ్రిని చూడ్డానికి వెళ్తానంటే సుమారు 60 లక్షలన్నారు. ఆయన మీద కేసులు ఎలాంటివో పక్కన పెట్టండి. జబ్బుతో ఉన్న తండ్రిని చూడ్డానికి టికెట్ 60 లక్షలైతే, కూలీ చేసుకునేవాడి తల్లి సంగతేంటి?

కర్ణాటక హైకోర్టు మంచి పనులూ చేసింది, అవి కూడా చెప్పాలి. 2023లో ఒక ఖైదీ ప్రేమించిన అమ్మాయిని పెళ్ళాడ్డానికి 15 రోజులు ఇచ్చింది. పెళ్ళికి పెరోల్ ఇచ్చే నిబంధన లేదని ప్రభుత్వం అంటే, ప్రత్యేక పరిస్థితి కింద ఇవ్వొచ్చంది. 2024లో కనకపుర తాలూకా రైతు ఒకాయనకి, హత్య కేసులో శిక్ష పడినాయనకి, ఇంట్లో పొలం చూసే మగదిక్కు లేదని 90 రోజులు ఇచ్చింది.

తిరువొత్తియూర్_తిలక్
పొలం దున్నుకోడానికి 90 రోజులా! రాధ గారి కేసు వేరు, చావు చావే. కానీ పొలం కౌలుకి ఇచ్చుకోవచ్చు కదా. శిక్ష అంటే ఏం మిగిలింది?

బెంగళూరు_బాబాయ్
పదేళ్ళకి పైగా లోపలే ఉన్నాడయ్యా ఆయన, ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

హైకోర్టు_ఎదురుసందు
తిలక్ గారూ, ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ రోజులు శిక్షలోంచి తగ్గవు. 2023 జనవరిలో గోవా ఖైదీల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ముందస్తు విడుదలకి 14 ఏళ్ళు లెక్కేసేటప్పుడు పెరోల్ రోజులు తీసెయ్యాలని. బయట ఎన్నాళ్ళుంటే లోపల అన్నాళ్ళు ఎక్కువ ఉండాలి. ఉత్తినే వచ్చే సెలవు కాదు.

రాధ గారి విషయం: పిటిషన్ కోర్టులోకి రాకముందే జైలు నుంచి ఫోన్ వచ్చింది. కాపలాతో పంపుతున్నారు. అంతిమ సంస్కారం వరకే. వివరాలు ఆవిడే చెప్తారు.

మాధవరం_మురళి
ఆవిడ ఇప్పుడు చెప్పే స్థితిలో లేరు. నేనక్కడే ఉన్నా కాబట్టి రాస్తున్నా.

వ్యాన్ నాలుగు దాటాక వచ్చింది. ఇంటి ముందు షామియానా కింద బాక్స్ పెట్టి ఉంది. ఆయన దిగగానే ఏడుస్తాడనుకున్నాం, ఏడవలేదు. నేరుగా వెళ్ళి బాక్స్ అద్దం మీద రెండు చేతులూ ఆనించి ముఖం చూస్తూ నిలబడ్డాడు. కాపలా వచ్చిన ఎస్‌ఐ తమిళాయన, వయసులో చిన్నవాడు, చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు, టైమ్ అయిందని ఒక్కసారి కూడా అనలేదు. బేడీలు వేసే తీసుకొచ్చారు, వ్యాన్‌లోనే తీసేశారు. శ్మశానంలో కుండ భుజం మీద పెట్టుకుని మూడు చుట్లు తిరిగాడు. చుట్టుకో చిల్లు పెట్టాలి కదా, రాధ వాళ్ళ నాన్నగారు వెనకాల నడుస్తూ పెట్టారు. ఆ నీళ్ళు ఆయన వీపు మీద తెల్లచొక్కా తడిపేశాయి, మార్చుకోడానికి టైమ్ లేక తడిచొక్కాతోనే వ్యాన్ ఎక్కాడు. పద్మక్క ఒక టవల్ ఇస్తే కానిస్టేబుల్ అటూ ఇటూ దులిపి చూసి ఇచ్చాడు.

బతికుండగా వచ్చి ఉంటే ఆవిడ చూసేది. ఇంతకన్నా నేను రాయలేను.

నెల్లూరు_పాత_వార్డర్
ఆ ఎస్‌ఐ గారు ఎవరోగానీ చల్లగా ఉండాలి. సంకెళ్ళు అలవాటుగా వేసేయకూడదని 1980లోనే ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్నేళ్ళయినా వ్యాన్ దాకా వేసుకునే తెస్తున్నారు. కనీసం దిగేముందు తీశారు. నా సర్వీసులో ఒకసారి, పేరు చెప్పను, తలకొరివి పెట్టేటప్పుడు కూడా ఒక చేతికి తాడు ఉంచి ఆ కొస నన్ను పట్టుకోమన్నారు. ఊరంతా చూస్తుండగా పట్టుకుని నిలబడ్డాను. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మురళి ఆఖర్న అన్నమాటే అసలు మాట. చనిపోయాక ఒక్క పూటలో కదిలిన కాయితం బతికుండగా ఎందుకు కదల్లేదు? చావుకి సర్టిఫికెట్ ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, ఏ ఆఫీసరుకీ భయం ఉండదు. జబ్బు దగ్గరికొచ్చేసరికి నిజమో అబద్ధమో అని ఒకళ్ళ మీద ఒకళ్ళు నెట్టుకుంటారు. మను శర్మలాంటివాళ్ళ పాపం ఇక్కడ తగులుతుంది. కానీ ఐసీయూకి ఒక కానిస్టేబుల్ వెళ్ళి మంచం పక్కన నిలబడి చూసొస్తే గంటలో తేలిపోతుంది. అర్జీ పెట్టిన మర్నాటికల్లా అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పి తీరాలి, కాదంటే కారణం రాయాలి. అంతకు మించి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు.

తిరువొత్తియూర్_తిలక్
ఐసీయూ కేసులకి ఒక్కరోజు గడువు పెట్టాలంటే నేనూ ఒప్పుకుంటా. పొలం సంగతి మాత్రం ఒప్పుకోను.

వడపళని_పద్మ
ఇప్పుడు పెద్దకర్మ ఉంది. పదకొండో రోజు పిండం పెట్టాల్సింది ఆయనే. మళ్ళీ రానిస్తారా లాయర్ గారూ?

హైకోర్టు_ఎదురుసందు
అర్జీ ఇప్పటికే వెళ్ళింది. ఏడాదికున్న 15 రోజుల్లోంచే అడిగాం. ఈసారి కాపలా లేకుండా. రాధ వాళ్ళ ఇల్లు కాకుండా మాధవరంలో వాళ్ళ పెదనాన్నగారి ఇంట్లో ఉంటాడని రాశాం, ఎందుకంటే ఆ హత్య కేసులో చనిపోయినతని కుటుంబం రెడ్‌హిల్స్‌లోనే ఉంటుంది. నిష్ఠూరం గారు చెప్పకపోతే నేనూ ఇంటి అడ్రసే రాసేవాణ్ణేమో.

నిజమే_నిష్ఠూరం
మంచి పని చేశారు. ఇంకొకటి, ఆ కుటుంబానికి పోలీసుల చేత ముందే చెప్పించండి. ఏ రోజు వస్తాడు, ఎక్కడుంటాడు, ఎప్పుడు వెళ్ళిపోతాడు. అన్నీ తెలిస్తే కనీసం పాలకి వెళ్ళేటప్పుడు గుండె ఆగదు.

రెడ్‌హిల్స్_రాధ
చెప్పిస్తాం. అమ్మ ఎస్‌ఐ గారిని అడిగింది కూడా, మేనత్తగారు తోడున్నారు. స్టేషన్ నుంచి రిపోర్టు ఈసారి వెళ్ళిపోయింది, అందులో ఆ శాంతిభద్రతల వాక్యం లేదు. మూడు రోజులు ఇస్తారని జైలు నుంచి అంటున్నారు, ఆర్డర్ ఇంకా చేతికి రాలేదు. అందరికీ దండం.

నెల్లూరు_పాత_వార్డర్
అమ్మా రాధా, స్టేషన్‌లో సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ పేజీ ఫోటో తీసుకోమని చెప్పు. తిరిగి వెళ్ళే రోజు చెప్పిన గంటకన్నా ముందే గేటు దగ్గర ఉండాలి. జీఎన్‌టీ రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్ నమ్మడానికి లేదు, లారీ ఒకటి అడ్డంగా ఆగిందంటే అంతే, పది నిమిషాలు ఆలస్యమైనా రాతలో అది ఆలస్యమే.

సూళ్లూరుపేట_శీను
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఇప్పుడు అడుగుతున్నా. మా అన్నయ్యని కన్నతల్లి పురిట్లోనే పోతే పిన్ని పెంచింది. ఆవిడకి క్యాన్సర్, ఆఖరి దశ. అన్నయ్య కూడా పుళల్‌లోనే. జైల్లో అడిగితే పిన్ని లిస్టులో లేదన్నారు. పాలుపట్టి పెంచిన మనిషి లిస్టులో లేకపోవడం ఏంటి సార్?

హైకోర్టు_ఎదురుసందు
శీను గారూ, ఎమర్జెన్సీ లీవ్ లిస్టులో నిజంగానే లేదు. కానీ మీ అన్నయ్య మూడేళ్ళు పూర్తిచేసి ఉంటే ఆర్డినరీ లీవ్‌లో "ఇతర అసాధారణ కారణాలు" అని ఒక దారుంది. పిల్లల కోసం చికిత్స చేయించుకోవాలన్న ఖైదీకి కూడా ఆ కారణం కింద ఇవ్వొచ్చని 2022లో మద్రాస్ హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. పెంచిన తల్లి అంతకన్నా తక్కువేం కాదు. స్కూల్ సర్టిఫికెట్‌లోనో రేషన్ కార్డులోనో తల్లి పేరు దగ్గర ఎవరి పేరుందో చూసి చెప్పండి.

సూళ్లూరుపేట_శీను
రేషన్ కార్డులో పిన్ని పేరే ఉంది సార్. అన్నయ్య లోపలికి వెళ్ళి నాలుగేళ్ళు దాటింది.

హైకోర్టు_ఎదురుసందు
అయితే ఆ కార్డు, క్యాన్సర్ ఆసుపత్రి కాయితాలు పట్టుకుని రేపు పొద్దున బస్సెక్కి వచ్చేయండి. మాధవరంలో దిగి ఫోన్ చేయండి, మురళి తీసుకొస్తాడు.

మాధవరం_మురళి
బస్ స్టాండ్ గేటు దగ్గరే ఉంటా శీనన్నా. బస్సు తడ దాటగానే ఒక రింగ్ ఇవ్వు.